అమ్మ మాటల్లో మార్పుని కంప్యూటర్ ముందే పట్టగలదా? డిమెన్షియా, మెషీన్ లెర్నింగ్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

తూర్పుగాలి:
అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. అమ్మకి 68 ఏళ్లు. మూడేళ్లుగా నాకు వాయిస్ మెసేజ్‌లు పెడుతుంది, నేను ఒక్కటీ డిలీట్ చేయలేదు. పోయిన వారం ఒక రాత్రి నిద్రపట్టక మొదటి నుంచి వింటూ కూర్చున్నాను. మూడేళ్ల కిందటిది ఒకటి ఉంది, కుళాయి కారుతుంటే మనిషిని పిలిపించి బాగు చేయించిన సంగతి. నలభై సెకన్లు. వచ్చినతను పానా మర్చిపోయి వచ్చాడని, మళ్లీ వెళ్లి తెచ్చుకునేసరికి బకెట్ నిండిపోయిందని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఈ నెలలో కూడా అదే కుళాయి గురించి ఒక మెసేజ్ ఉంది. రెండు నిమిషాల పైన. "అతను వచ్చాడు... అదే, ఆ... తిప్పేది ఉంటుందే, అది పట్టుకుని..." అని ఆగింది. నేను ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను, ఆ మాట వస్తుందేమోనని. "అదేనమ్మా, నీకు తెలుసుగా" అంది. పానా అన్న మాట రాకుండానే మెసేజ్ అయిపోయింది.

అన్నయ్యతో చెబితే వయసన్నాక ఇదంతా మామూలే అన్నాడు. కావచ్చు. కానీ నాకు టెన్షన్ తగ్గడం లేదు.

నేను సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాను కానీ మెషీన్ లెర్నింగ్ నా పని కాదు. డేటాసెట్లు పంచుకునే కాగిల్ అనే సైట్‌లో అల్జీమర్స్ (డిమెన్షియాకి ఎక్కువగా కారణమయ్యే జబ్బు) ఎంఆర్ఐ బొమ్మల డేటాసెట్ ఒకటి దొరికితే, రెడీగా ఉన్న ఒక న్యూరల్ నెట్‌వర్క్ తీసుకుని రెండు రాత్రులు కూర్చుని ట్రెయిన్ చేశాను. 98 శాతం కచ్చితత్వం వచ్చింది. 99 వచ్చినవాళ్లు కూడా చాలామంది ఉన్నారు అక్కడ. అంటే అమ్మకి ఒక స్కాన్ తీయించి ఇందులో పెడితే తెలిసిపోతుందా? లేకపోతే ఈ వాయిస్ మెసేజ్‌లతోనే ఏమైనా చేయొచ్చా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

కోడ్‌రాత:
తూర్పుగాలి గారూ, ముందు ఒక్కటే మాట. ఆ మోడల్లో అమ్మగారి స్కాన్ పెట్టకండి. ఎందుకో చెబుతాను, మెడికల్ ఇమేజింగ్ మోడళ్లతో ఆరేళ్లుగా పని చేస్తున్నాను, ఈ తప్పు నేనూ చేశాను.

మీరు చెప్పేది జబ్బు తీవ్రతని బట్టి నాలుగు తరగతులుగా చేసిన డేటాసెట్ అనుకుంటున్నా, 6400 బొమ్మలు ఉంటాయి, అందులో మధ్యస్థ డిమెన్షియా తరగతిలో ఉన్నవి 64 మాత్రమే. ఆ 6400 బొమ్మలంటే 6400 మంది మనుషులు కాదు. ఒక మనిషి మెదడు స్కాన్‌ని పొరలు పొరలుగా కోసినట్టు బోలెడు స్లైసులుగా చేస్తారు, పక్కపక్క స్లైసులు దాదాపు ఒకేలా ఉంటాయి. మీరు వాటిని కలగాపులగం చేసి 80 శాతం ట్రెయినింగ్‌కి, 20 శాతం టెస్టుకి అని విడగొడితే ఒకే మనిషి స్లైసులు రెండు వైపులా పడతాయి. మోడల్ అప్పుడు జబ్బుని నేర్చుకోదు, మనిషిని గుర్తుపడుతుంది. ఈ పుర్రె ఆకారం నేను ముందే చూశాను, దీనికి జవాబు ఫలానా అని చెప్పేస్తుంది. దీన్నే డేటా లీకేజీ అంటాం.

ఇది ఔత్సాహికుల తప్పు మాత్రమే అనుకోకండి. ఎంఆర్ఐ మీద న్యూరల్ నెట్‌వర్కులతో అల్జీమర్స్ వర్గీకరణ చేసిన పరిశోధనలను సమీక్షిస్తూ 2020లో మెడికల్ ఇమేజ్ అనాలిసిస్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది, అందులో పరిశీలించిన పేపర్లలో సగానికి పైగా లీకేజీ జరిగి ఉండొచ్చని తేల్చారు. అచ్చయిన పేపర్లలోనే సంగతి ఇదీ.

ఒక పని చేయండి, మీ తృప్తి కోసమే. ఒక మనిషి స్లైసులన్నీ ఒకే వైపు ఉండేలా, అంటే మనుషుల వారీగా విడగొట్టి మళ్లీ ట్రెయిన్ చేయండి. పేషెంట్ ఐడీలు ఉన్న డేటా కావాలి దానికి, ఓయాసిస్ లాంటిది. ఆ 98 ఎంతకి దిగుతుందో చూసి ఇక్కడ చెప్పండి.

గణితం_మాస్టారు:
కోడ్‌రాత గారు చెప్పింది పక్కాగా నిజమే. నేను ఇంకో వైపు నుంచి చెబుతాను, లీకేజీ అస్సలు లేని నిజాయితీ అయిన మోడల్ ఉందనే అనుకుందాం. జబ్బు ఉన్నవాళ్లలో 90 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 90 శాతానికి లేదని సరిగ్గా చెబుతుంది. వినడానికి చాలా బావుంది కదా?

ఇప్పుడు ఏ ఇబ్బందీ చెప్పని వెయ్యి మంది పెద్దవాళ్లని తీసుకుని అందులో 50 మందికి నిజంగా జబ్బు ఉందనుకోండి (లెక్క కోసం అనుకున్న అంకె ఇది). మోడల్ 45 మందిని పట్టుకుంటుంది, 5 మందిని వదిలేస్తుంది. మిగతా 950 మందిలో పది శాతం, అంటే 95 మందికి లేని జబ్బు ఉందంటుంది. మొత్తం 140 మందికి "మీకు ఉంది" అని చెబితే అందులో నిజంగా ఉన్నది 45 మందికి. ముగ్గురిలో ఒకరు కూడా కాదు! మిగిలిన 95 ఇళ్లలో ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు.

అదే మోడల్‌ని మతిమరుపు ఉందని డాక్టర్ దగ్గరికి వచ్చినవాళ్ల మీద వాడండి. వెయ్యి మందిలో 400 మందికి ఉందనుకుందాం. 360 మంది సరిగ్గా దొరుకుతారు, 60 మందికి తప్పుగా చెబుతుంది. ఉందని చెప్పిన 420 మందిలో 360, అంటే దాదాపు 86 శాతం నిజం. మోడల్ మారలేదు, అంకె మారలేదు, ఎవరి మీద వాడామన్నది మారింది అంతే. అందుకే "90 శాతం కచ్చితత్వం" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది, ఏ జనంలో అని.

తూర్పుగాలి:
ఇద్దరికీ చాలా థాంక్స్. ఓయాసిస్ డేటాకి అప్లై చేసి తెచ్చుకుని మనుషుల వారీగా విడగొట్టి మళ్లీ రన్ చేశాను. 98 కాస్తా 71 అయింది. గంటసేపు స్క్రీన్ ముందు అలాగే కూర్చున్నాను. అమ్మ స్కాన్ పెట్టి చూసి, ఏమీ లేదంటే ఊపిరి పీల్చుకుని ఊరుకునేదాన్నేమో, ఉందంటే ఇల్లంతా ఏడుపులు పెట్టించేదాన్నేమో. రెండూ తప్పే అయ్యుండేవి.

వాయిస్ సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

శబ్దతరంగం:
నేనున్నాను. స్పీచ్ మీదే పీహెచ్‌డీ చేస్తున్నా, మీ పానా మెసేజ్ గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

ఈ రంగంలో ఎక్కువమంది వాడేది డిమెన్షియాబ్యాంక్ అనే సేకరణలోని పిట్ కార్పస్. ఒక వంటగది బొమ్మ చూపిస్తారు, పిల్లాడు స్టూలెక్కి బిస్కెట్లు దొంగిలిస్తుంటాడు, స్టూలు ఒరిగిపోతుంటుంది, తల్లి గిన్నెలు తుడుస్తుంటే వెనక సింకు పొంగిపోతుంటుంది. కనిపించేదంతా చెప్పమంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు సింకు పొంగుతోంది, స్టూలు పడబోతోంది అని సంబంధాలు కలుపుతూ చెబుతారు. జబ్బు మొదలైనవాళ్లలో నామవాచకాలు తగ్గి సర్వనామాలు పెరుగుతాయి, చెప్పాల్సిన సంగతులు తగ్గుతాయి, చెప్పిందే చెప్పడం, మాట మధ్యలో ఆగడం ఎక్కువవుతాయి. మీ అమ్మగారి "అదే, ఆ... తిప్పేది" సరిగ్గా ఈ కోవలోదే. అలాగని అది జబ్బని నేను అనడం లేదు, మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోవడం అందరికీ వయసుతో పెరుగుతుంది.

2020లో అడ్రెస్ ఛాలెంజ్ అని ఒక పోటీ పెట్టారు. వయసు, ఆడామగా నిష్పత్తి సమానంగా సర్ది 156 మంది రికార్డింగులు ఇచ్చారు, 78 మంది అల్జీమర్స్ ఉన్నవాళ్లు, 78 మంది లేనివాళ్లు. మాటలతో పాటు ఆగిన విరామాలను కూడా గుర్తులుగా రాసి భాషా మోడల్‌కి ఇచ్చిన ఒక బృందానికి 89.6 శాతం వచ్చింది. విరామం కూడా సమాచారమే అని నాకు బాగా పట్టుబడింది ఆ పేపర్ చదివాకే. కానీ టెస్టులో ఉన్నది 48 మంది, ఒక్క మనిషి అటూ ఇటూ అయితే రెండు శాతం మారిపోతుంది.

ఆ తర్వాత అమెరికాలో దశాబ్దాలుగా సాగుతున్న ఫ్రేమింగ్‌హామ్ హార్ట్ స్టడీ రికార్డింగులతో బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు 2024లో చేసిన పని నాకు ఇంకా నచ్చింది. స్వల్ప జ్ఞాపక లోపం ఉన్న 166 మంది ఇంటర్వ్యూలు తీసుకుని, ఆరేళ్లలోపు ఎవరికి అల్జీమర్స్‌గా ముదురుతుందో మాటల రాతప్రతి నుంచి 78 శాతానికి పైగా సరిగ్గా చెప్పగలిగారు. ఇక్కడ ప్రశ్నే వేరు చూడండి. ఇప్పుడు ఉందా అని కాదు, ముందు ముందు వస్తుందా అని.

ఇప్పుడు మీకు పనికొచ్చే అసలు విషయం. నన్ స్టడీ అని ఒకటుంది, డేవిడ్ స్నోడన్ 1986లో మొదలుపెట్టాడు, 678 మంది క్రైస్తవ సన్యాసినులు అందులో ఉన్నారు. వాళ్లలో కొందరు మఠంలో చేరినప్పుడు, సగటున 22 ఏళ్ల వయసులో రాసుకున్న చిన్న ఆత్మకథలు దొరికాయి. వాటిలో వాక్యాల్లో భావాల సాంద్రత (ఇన్ని మాటల్లో ఎన్ని సంగతులు చెప్పారన్న లెక్క) తక్కువగా ఉన్నవాళ్లకి దాదాపు ఆరు దశాబ్దాల తర్వాత అల్జీమర్స్ ఎక్కువగా కనిపించింది. అద్భుతంగా ఉంది కదా, కానీ నాకు ఇందులో ఇంకో పాఠం కనిపిస్తుంది. ఒకరి మాట సాదాగా ఉండడం 22 ఏళ్ల నుంచీ వాళ్ల తీరే కావచ్చు. ఒక్క రోజు ఒక్క రికార్డింగ్ విని, వేరేవాళ్లతో పోల్చి, మాట సన్నగిల్లింది అనలేం. ఆ మనిషిని ఆ మనిషితోనే పోల్చాలి. అమెరికా అధ్యక్షుడిగా చేసిన రొనాల్డ్ రీగన్ విషయంలో అదే చేశారు. ఆయన తనకి అల్జీమర్స్ ఉందని 1994లో ప్రకటించారు, అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లోని ప్రెస్‌మీట్ల రాతప్రతులను 2015లో విశ్లేషిస్తే వాడే మాటల్లో వైవిధ్యం ఏటికేడు తగ్గడం, స్పష్టత లేని మాటలు పెరగడం కనిపించింది. ఆయన తర్వాతి అధ్యక్షుడు పెద్ద బుష్ ప్రెస్‌మీట్లలో అలాంటి మార్పు లేదు.

మీ దగ్గరున్నది అదే. మూడేళ్ల పాటు ఒకే మనిషి, ఒకే ఫోన్, ఒకే శ్రోత. మా ల్యాబ్‌లో ఇలాంటి డేటా కోసం తపస్సు చేస్తాం.

కోడ్‌రాత:
శబ్దతరంగం గారూ, ఇంగ్లిష్ మోడల్ తెలుగు మాటల మీద పనిచేస్తుందా అన్నది కూడా చెప్పండి, లేకపోతే తూర్పుగాలి గారు మళ్లీ రెండు రాత్రులు కూర్చుంటారు.

శబ్దతరంగం:
నేరుగా పనిచేయదు. 2023లో ఇంగ్లిష్ మీద నేర్పి గ్రీకు మీద పరీక్షించే పోటీ, 2024లో ఇంగ్లిష్, చైనీస్ కలిపి ఒక పోటీ జరిగాయి, అంటే రంగం ఇప్పుడిప్పుడే ఆ గీత దాటుతోంది. తెలుగుకి వచ్చేసరికి మాటల్లో ఏం కొలవాలన్నదే మళ్లీ ఆలోచించాలి. ఇంగ్లిష్‌లో సర్వనామాలు లెక్కపెట్టడం ఒక ముఖ్యమైన కొలత. మనం "వచ్చాడు" అంటే చాలు, అతను అన్నది క్రియలోనే ఉంది. నిక్షేపంలాంటి మనిషి కూడా రోజంతా సర్వనామం లేకుండానే మాట్లాడతాడు. మన దగ్గర చూడాల్సింది బహుశా "అది", "అదే", "ఇందాకటిది" లాంటివి అసలు పేరు ఉండాల్సిన చోట ఎన్నిసార్లు పడుతున్నాయన్నది. ఒకే మాటకి ప్రత్యయాలు చేరి నలభై రూపాలవుతాయి కాబట్టి మాటల వైవిధ్యాన్ని కూడా ఇంగ్లిష్ పద్ధతిలో లెక్కిస్తే తప్పు అంకె వస్తుంది, మూల రూపానికి తగ్గించి లెక్కించాలి. ఆగిన సెకన్లు మాత్రం ఏ భాషలోనైనా సెకన్లే. మొదలుపెడితే అక్కడే మొదలుపెట్టండి.

రెండోపేజీ:
అందరూ చాలా బాగా రాస్తున్నారు, కానీ నా మనసులో ఉన్నది చెప్పాలి. మా నాన్న ఈ జబ్బుతోనే పోయారు, తొమ్మిదేళ్లు. ఇది నయం కాదు. ముందే తెలిసి ఏం చేస్తాం? నాన్నకి మొదటి రెండేళ్లు తెలియకపోవడమే మంచిదయింది, హాయిగా ఉన్నారు, మనవలతో ఆడుకున్నారు. ఏదో ఒక యాప్ అప్పుడే స్కోరు చెప్పి ఉంటే ఆ రెండేళ్లు కూడా పోయేవి. ఇప్పుడు నాకు 52. నా ఫోన్ నా మాటలు విని నాకు ఏదో చెబుతానంటే వద్దంటాను. తూర్పుగాలి గారూ, ఏమీ అనుకోకండి, మీ అమ్మగారిని ఒక్క మాట అడిగారా? ఆవిడ మాటలు ఆవిడకి తెలియకుండా లెక్కపెడుతున్నారు కదా.

తూర్పుగాలి:
అడగలేదండి. మీరు అనేదాకా తట్టలేదు కూడా. దీని గురించి ఆలోచించాలి.

మల్లెపందిరి:
రెండోపేజీ గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ మా ఇంట్లో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం, అది కూడా చెప్పనివ్వండి.

మా అత్తయ్యకి జబ్బని తెలియడానికి ముందు రెండేళ్లు మేం ఆవిడ మీద విసుక్కుంటూ గడిపాం. అడిగిందే అడుగుతుంటే కావాలని చేస్తోందనుకున్నాం. ఇచ్చిన డబ్బులు ఇవ్వలేదంటే మొండితనం అనుకున్నాం. ఒకరోజు నేను గట్టిగా అరిచాను, "ఇప్పుడేగా చెప్పాను" అని. ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడిపోయింది, తప్పు చేసిన చిన్నపిల్లలాగా. ఇప్పటికీ ఆ కొంగు నా కళ్ల ముందు ఉంటుంది. ఆ రెండేళ్లలో రెండుసార్లు స్టవ్ మీద గిన్నె మాడిపోయి ఇల్లంతా పొగ అయింది. ఫోన్‌లో ఎవరో మాయమాటలు చెప్పి ఆవిడ ఖాతాలోంచి డబ్బు తీసుకున్నారు. చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఆస్తి ఎవరికి ఎలా, ఆసుపత్రిలో ఏది ఒప్పుకోవాలి, ఏది వద్దు అన్నవి ఆవిడ సొంతంగా చెప్పగలిగే దశ దాటిపోయింది. అవన్నీ మేం ఊహించి నిర్ణయించాం. ఆవిడ ఏమనుకునేదో మాకు ఎప్పటికీ తెలియదు.

నయం కాకపోయినా పర్లేదు, నాకు ఆ రెండేళ్లు కావాలి. యంత్రం చెప్పినా, మనిషి చెప్పినా.

నాడీవైద్యం:
నేను న్యూరాలజీలో పనిచేస్తున్న డాక్టర్‌ని. ఇక్కడ ఎవరికీ వైద్య సలహా ఇవ్వలేను, తూర్పుగాలి గారి అమ్మగారిని చూడకుండా ఏమీ అనలేను. అయినా కొన్ని సంగతులు చెప్పాలి.

నయం కాదు కాబట్టి ముందే తెలిసి లాభం లేదన్నది అన్నిసార్లూ నిజం కాదు, ఎందుకంటే డిమెన్షియాలా కనిపించేవన్నీ డిమెన్షియా కావు. బీ12 లోపం, థైరాయిడ్ తగ్గడం, డిప్రెషన్, చెవి వినబడకపోవడం, నిద్రలో ఊపిరి ఆగడం, కొన్ని అలర్జీ మందులు, నిద్రమాత్రలు, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే మందులు, ఎప్పుడో తల తగిలి నెమ్మదిగా చేరిన రక్తం, ఇవన్నీ మతిమరుపు తెస్తాయి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. ఇంట్లో అందరూ "వయసు" అని వదిలేసిన మనిషికి బీ12 ఇంజెక్షన్లు ఇస్తే మూడు నెలల్లో తేరుకోవడం నేను చూశాను. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 లెక్క ప్రకారం మార్చుకోగలిగిన కారణాలు 14, వాటన్నిటినీ సరిచేస్తే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతాన్ని ఆపొచ్చు లేదా వెనక్కి నెట్టొచ్చు. వినికిడి, బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, ఒంటరితనం, చూపు, ఇవన్నీ అందులో ఉన్నాయి.

మందుల సంగతి కూడా కొంత మారింది. లెకనెమాబ్ అనే అల్జీమర్స్ మందుకి అమెరికాలో 2023 జులైలో పూర్తి అనుమతి వచ్చింది. ట్రయల్‌లో 18 నెలల్లో క్షీణతని 27 శాతం నెమ్మదింపజేసింది. ఆపలేదు, నెమ్మదింపజేసింది. మెదడులో వాపు, చిన్న చిన్న రక్తస్రావాలు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మధ్యమధ్య ఎంఆర్ఐలు తీస్తూ ఉండాలి. ఇది మొదటి దశలో ఉన్నవాళ్లకే, ముదిరాక ఇవ్వరు. కాబట్టి ముందే పట్టుకోవడానికి ఇప్పుడు వైద్యపరంగా కూడా ఒక కారణం వచ్చింది. రక్తపరీక్షలు కూడా వచ్చాయి, పీ-టావ్217, అమిలాయిడ్ (రెండూ అల్జీమర్స్‌తో ముడిపడిన ప్రొటీన్లు) నిష్పత్తి చూసే ఒక పరీక్షకి 2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. లక్షణాలు ఉన్న 55 దాటినవాళ్లకి, నిపుణుల దగ్గర మాత్రమే. మెదడులో అమిలాయిడ్ పేరుకోవడం లక్షణాలకి 15, 20 ఏళ్ల ముందే మొదలవుతుంది. అది ఉన్నా జీవితాంతం జ్ఞాపకశక్తి చెక్కుచెదరని వాళ్లు కూడా బోలెడుమంది. అందుకే ఏ లక్షణమూ లేని మనిషికి ఈ పరీక్షలు చేయించవద్దంటాం.

మరి మెషీన్ లెర్నింగ్ ఎక్కడ పనికొస్తుంది? నా ఉద్దేశంలో వరస నిర్ణయించడానికి. ఎవరిని ముందు చూడాలి, ఎవరికి ఖరీదైన పెట్ స్కాన్ (మెదడులో అమిలాయిడ్‌ని చూపించగలిగేది) అవసరం, ఎవరికి ఆర్నెల్లు ఆగి మళ్లీ చూస్తే చాలు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్లు 2024లో ప్రచురించిన మోడల్ జ్ఞాపక పరీక్షలు, ఎంఆర్ఐ మాత్రమే తీసుకుంటుంది, పెట్ స్కాన్ అక్కర్లేదు. ముదిరి అల్జీమర్స్ అయినవాళ్లని 82 శాతం, కానివాళ్లని 81 శాతం సరిగ్గా చెప్పింది. అమెరికా డేటా మీద నేర్పి బ్రిటన్, సింగపూర్ క్లినిక్‌లకి వచ్చిన 900 మంది మీద కూడా పరీక్షించారు. నేర్చుకున్న చోట కాకుండా వేరే చోట నిలబడిందా అన్నదే నేను ముందు చూస్తాను.

ఇంకొక్క మాట. గడియారం బొమ్మ పరీక్ష తెలుసు కదా, పదకొండు దాటి పది నిమిషాలు చూపించమంటాం. ఒకాయన గుండ్రం చక్కగా గీశారు, పన్నెండు అంకెలూ కొలిచి పెట్టినట్టు పెట్టారు. తర్వాత చిన్న ముల్లు పదకొండు మీద, పెద్ద ముల్లు పది మీద పెట్టారు. పది నిమిషాలు అని విన్నారు కదా, రెండు మీద ఉండాల్సిన పెద్ద ముల్లు పది అంకె దగ్గరికి వెళ్లింది. పెన్ను పెట్టబోయే ముందు రెండు మీద ఒక్క క్షణం ఆగింది. కాగితం మీద ఆ ఆగడం కనిపించదు. ఇప్పుడు డిజిటల్ పెన్నుతో గీయిస్తే ఎంతసేపు ఆగారో, ఎక్కడ తడబడ్డారో కూడా నమోదవుతుంది. యంత్రం బలం అక్కడుంది, నా కన్ను వదిలేసేదాన్ని కొలవడంలో.

గణితం_మాస్టారు:
డాక్టర్ గారు చెప్పిన 82, 81 అంకెలు అప్పటికే ఇబ్బంది ఉందని తేలి క్లినిక్‌కి వచ్చినవాళ్ల గుంపులోవి. నేను పైన చెప్పిన రెండో లెక్క అది. అదే అంకెలు పట్టుకుని ఊరందరి మీదా వాడితే మొదటి లెక్కలో పడతాం. చదివేవాళ్లు ఈ రెండూ కలిపేసుకోకూడదని మళ్లీ రాస్తున్నా.

రెండోపేజీ:
మల్లెపందిరి గారూ, మీ కొంగు మాట చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా అమ్మ కూడా నాన్న మీద అలాగే విసుక్కునేది, తర్వాత ఎంత ఏడ్చిందో. నేను నాన్న హాయి గురించే ఆలోచించాను, అమ్మ సంగతి ఆలోచించలేదు.

అయినా నా భయం ఒకటి మిగిలే ఉంది. ఈ స్కోరు ఇంట్లోవాళ్ల దగ్గరే ఆగుతుందని ఏముంది? ఉద్యోగం ఇచ్చేవాడు, ఇన్సూరెన్స్ కంపెనీ ఫోన్ డేటా కొనుక్కుంటే?

కోడ్‌రాత:
ఆ భయం సరైనదే అండి. ఈ రంగంలో మాటల్ని మించినవి ఉన్నాయి. కారు నడిపే తీరు నుంచి, ఎంత దూరం వెళ్తున్నారు, ఎంత వేగం, రాత్రుళ్లు మానేశారా అన్న జీపీఎస్ వివరాల నుంచి లక్షణాలు రాకముందే అల్జీమర్స్ మార్పులున్నవాళ్లని వేరుచేసిన పరిశోధన అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో జరిగింది. 2016లో సీ హీరో క్వెస్ట్ అని పడవ నడిపే ఫోన్ గేమ్ ఒకటి వచ్చింది, 40 లక్షల మందికి పైగా ఆడారు, దారి గుర్తుపెట్టుకునే తీరు మీద అంత డేటా అంతకుముందు ఎవరి దగ్గరా లేదు. కాలిఫోర్నియాలో యూసీఎస్ఎఫ్ వాళ్లు మామూలు ఆసుపత్రి రికార్డుల నుంచే ఏడేళ్ల ముందు అంచనా వేసే మోడల్ 2024లో ప్రచురించారు. ఇవన్నీ మనిషి ప్రత్యేకంగా ఏ పరీక్షా రాయకుండానే దొరికే డేటా. అందుకే ఉపయోగం ఎంతో ప్రమాదం కూడా అంతే. లెక్కలు ఫోన్‌లోనే జరగాలి, ఆడియో బయటికి వెళ్లకూడదు, ఫలితం ముందు ఆ మనిషికే కనిపించాలి. నేను చేసే వాటిలో ఈ మూడూ లేకుండా ఏదీ బయటికి ఇవ్వనని మా టీమ్‌కి చెప్పేశాను, దాని మీద గొడవలు కూడా అయ్యాయి.

ఇంకో సంగతి, 2004లో అమెరికాలో మొదలైన ఏడీఎన్ఐ అనే అల్జీమర్స్ అధ్యయనం డేటా మీదే ఈ రంగం సగం నిలబడింది, అందులో ఎక్కువమంది బాగా చదువుకున్న తెల్లవాళ్లు. బడికి వెళ్లనివాళ్ల మీద, రెండు మూడు భాషలు మాట్లాడేవాళ్ల మీద అలాంటి మోడల్ ఎలా తప్పుతుందో ఎవరూ చూడకుండా వాడేయడం నాకు ఇష్టం లేదు.

నాడీవైద్యం:
దానికి ఒక్క వాక్యం కలుపుతాను. హైదరాబాద్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగుల మీద చేసిన అధ్యయనం 2013లో న్యూరాలజీ పత్రికలో వచ్చింది, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, చదువు రానివాళ్లలో కూడా. ఒక భాష మాట్లాడేవాళ్ల మీద నేర్చిన మోడల్‌కి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

తూర్పుగాలి:
ఐదు వారాల తర్వాత వస్తున్నా, అందరికీ జరిగింది చెప్పాలని.

రెండోపేజీ గారు అడిగిన మాట మర్నాడే నన్ను అమ్మ దగ్గరికి పంపించింది. ఏం చెప్పాలో తెలియక రెండు మెసేజ్‌లూ, కుళాయివి, ఆవిడకే వినిపించాను. మొదటిది వింటూ నవ్వింది. రెండోది సగంలో ఆపమంది. కాసేపు ఏమీ అనలేదు. "నాకు ఎప్పుడో తెలుసు, మీరు కంగారు పడతారని చెప్పలేదు" అంది. లేచి వెళ్లి పాత డైరీ ఒకటి తెచ్చింది. వెనక పేజీల్లో మాటలు. ఒక్కో వరుసలో ఒక్కో మాట. నాలుక మీదికి రాక తర్వాతెప్పుడో గుర్తొచ్చిన మాటలు రాసుకుంటోంది, మళ్లీ పోకుండా. జల్లెడ. రసీదు. నా చిన్నప్పటి స్నేహితురాలి పేరు. నాలుగో పేజీలో పానా.

డాక్టర్ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాం, డైరీ కూడా పట్టుకెళ్లాం. మోకా అనే జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షలో 30కి 22 వచ్చాయి. బీ12 బాగా తక్కువగా ఉంది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రెండు చెవులూ సగం వినబడడం లేదట, మిషన్ పెట్టారు, పెట్టిన రోజు ఫ్యాన్ ఇంత చప్పుడు చేస్తుందా అంది. థైరాయిడ్ బావుంది. ఎంఆర్ఐలో వయసుకి తగ్గట్టే ఉందన్నారు. ఇప్పుడేమీ పేరు పెట్టలేం, ఆర్నెల్ల తర్వాత మళ్లీ చూద్దాం అన్నారు. అన్నయ్య ఇప్పుడు రోజూ ఫోన్ చేస్తున్నాడు.

మెసేజ్‌ల లెక్క అమ్మ ఒప్పుకున్నాకే చేశాను, ఆగిన సెకన్లు మాత్రమే. మూడేళ్ల గీత గీస్తే మొదట్లో దాదాపు సమంగా ఉండి, ఏడు నెలల కిందటి నుంచి పైకి ఎక్కుతోంది. ఆర్నెల్ల తర్వాత పోల్చడానికి ఇప్పటి నుంచి ఏం రికార్డు చేయాలో శబ్దతరంగం గారు చెబుతారా?

శబ్దతరంగం:
నెలకి ఒకసారి చాలు. ఉదయం ఒకే సమయంలో, చెవి మిషన్ పెట్టుకుని, ఒకే ఫోన్, ఒకే దూరం. ఒక బొమ్మ చూపించి నిమిషం చెప్పించండి, ప్రతిసారీ అదే బొమ్మ అయితే అలవాటైపోతుంది కాబట్టి అలాంటివే నాలుగైదు మార్చి మార్చి వాడండి. ఒక నిమిషం ఆ వారం జరిగింది ఏదైనా చెప్పమనండి. జలుబు ఉన్న రోజు, సరిగ్గా నిద్రపోని రోజు వద్దు. చెవి మిషన్, ఇంజెక్షన్లు మొదలైన తేదీలు గీత మీద గుర్తు పెట్టుకోండి, తర్వాత మార్పు వస్తే దేనివల్లో ఆలోచించడానికి. స్కోరు ఇచ్చే యాప్ ఏదీ వాడకండి.

ఒకటి అడగొచ్చా? ఆ డైరీలో మాటల పక్కన తేదీలు ఉన్నాయా?

తూర్పుగాలి:
ఉన్నాయి. ఇప్పుడే చూశాను. మొదటి మాట పక్కన ఉన్నది పద్నాలుగు నెలల కిందటి తేదీ.